గుటక

గ్రిమ్స్‌బీ గాలిలో ఇప్పుడు చేపల వాసన లేదు,
పడవలు పోయాక ఉప్పొక్కటే మిగిలింది.
వానలో పద్నాలుగో నంబరు ఇంటి ముందు కారాపి
త్రాసు సంచీ భుజానికెత్తుకున్నాను.
ఇది తూచే పిల్లలందరికన్నా ఇదే బరువు.

తలుపు తీసింది టామ్సిన్ వాళ్లమ్మ.
"రాత్రంతా రొమ్ము మీదే ఉంది, అయినా ఏడుపే."
ఫిర్యాదు బిడ్డ మీదో, కూతురి మీదో తేల్చుకోలేకపోయాను.

మొదటి వారం అందరూ అదే అంటారు, పాలు లేవని.
రొమ్ము మెత్తబడిందనీ, పంపు పెడితే చెంచాడే వచ్చిందనీ,
పక్కింటి పిల్ల మూడు గంటలు నిద్రపోతుందనీ.
చాలామందికి ఉంటాయి.
పాలకన్నా ముందు భయం పడుతుంది.

అందుకని రొమ్ముని అడగను నేను,
ముందు నాపీని అడుగుతాను.
"నిన్న ఎన్ని తడిశాయి?"
ఫ్రిజ్ మీది కాగితం చూపించాడు క్రెయిగ్,
పేకాటలో స్కోరు రాసినట్టు మూడు గీతలు.
ఐదో రోజుకి ఆరుండాలి.
తడిలో ఇటుకపొడి రంగు మరక.
ఈపాటికి ఆవపిండిలా పచ్చబడాల్సిన దొడ్డి
ఇంకా నల్లటి జిగురే.
మాడు మీద వేళ్లు ఆనించాను. కొద్దిగా లోతు.

నూలుపోగు లేకుండా తూచాను.
మూడు వేల మూడు వందల పది గ్రాములతో పుట్టింది,
రెండు వేల తొమ్మిది వందల నలభై ఉంది.
నూటికి పదకొండు పోయినట్టు.

"ఇప్పుడు పట్టమ్మా," అన్నాను.
టీవీ ఆపించాను. కెటిల్ కూడా.
కుర్చీ దగ్గరికి లాక్కుని చెవి ఒగ్గాను.
చప్పరింత, చప్పరింత, చప్పరింత,
గుటక లేదు.
వాన చప్పుడు.
తొమ్మిదో దానికో, పదో దానికో ఒక్క గుటక,
ఆ తర్వాత దవడ ఊరికే వణుకుతూ నిద్రలోకి జారింది.

రేపల్లె దగ్గర మా పెద్దమ్మ గేదెల్ని పిండేది.
పొదుగు తడిమి, "ఇంకా చేపలేదే," అని
దూడని మళ్లీ వదిలేది.
ఎవర్నీ ఏమీ అనేది కాదు, గేదెని అసలే అనేది కాదు.
చేపడాన్ని ఇక్కడ లెట్‌డౌన్ అంటారు.
పాలు దిగినా అదే మాట,
నమ్మినవాళ్లని నట్టేట ముంచినా అదే మాట.
టామ్సిన్ ఐదు రోజులుగా ఆ రెండో అర్థాన్నే మోస్తోంది.

పాలకి ముందొకసారి, తర్వాత ఒకసారి,
అదే నాపీతో, అదే గౌనుతో తూచిన తేడా:
ఇరవై అయిదు నిమిషాలకి పన్నెండు గ్రాములు.

"కాన్పులో రక్తం ఎంత పోయింది?"
"రెండు లీటర్లని ఎవరో అన్నారు. ఇప్పుడెందుకు అదంతా?"
అంత పోతే పాలు ఆలస్యంగా పడొచ్చు,
తక్కువా పడొచ్చు, రక్తపరీక్ష చేయిద్దామన్నాను.
ఆమె నా బూట్ల మీది బురద వైపు చూస్తూ
"అయితే నాకు పట్టడం రాక కాదా?" అంది.
"కాదు."
వంటింట్లో వాళ్లమ్మ కుళాయి తిప్పింది,
కడగడానికి ఒక్క కప్పు లేకపోయినా.

ఆసుపత్రికి ఫోన్ చేశాను, పన్నెండింటికి రమ్మన్నారు.
ఈలోపు చేత్తో పిండటం నేర్పాను.
సిరంజిలో మూడు మిల్లీలీటర్లు, ముద్దపసుపు రంగు.
అది ముందు, చిన్న గిన్నెలో డబ్బాపాలు ఆ వెనక.
క్రెయిగ్ ఒళ్లో నిటారుగా కూర్చుని
పిల్లికూనలా నాలుకతో అందుకుంది ఐల్సా.
గుటక.
మళ్లీ గుటక.
ఎవరం మాట్లాడలేదు.
టామ్సిన్ పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

నేను సంచీ సర్దుకుని, రేపు మళ్లీ వస్తానని చెప్పి లేచేసరికి
క్రెయిగ్ ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉన్నాడు,
పెన్ను మూత తీసి,
నాలుగో గీత కోసం
నాపీ వైపే చూస్తూ.